గోడ కదలడం ఆగేదాకా

మా ఆయన మేస్త్రి. పెళ్లయిన కొత్తలో ఆయన వెంట నందిగామ చుట్టుపక్కల పనులకెళ్లి సిమెంటు తట్టలు మోశా. మోస్తూ మోస్తూనే గోడల్ని చూడ్డం నేర్చుకున్నా. పదేళ్లకి తాపీ నా చేతికొచ్చింది. నేను పెట్టిన ఇటుక వరసకి వంక పెట్టినవాళ్లు లేరు గానీ, ఏదైనా అడగాలంటే మాత్రం అందరూ మా ఆయన మొహమే చూసేవాళ్లు.

ఆ రోజుల్లోనే వీరులపాడు దారిలో ఒక రైతుగారు మమ్మల్ని పిలిచారు. వాళ్ల హాల్లో కిటికీ మూల నుంచి కిందికి, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా పగులు దిగింది. వేలు పట్టేంత. అంతకుముందు ఎవరో రెండుసార్లు సిమెంటు కూరి రంగేశారట. రెండుసార్లూ మళ్లీ విచ్చుకుంది. ఆయన విసిగిపోయి, గోడ పడగొట్టి కొత్తది కట్టమన్నారు. మా ఆయన సరేనన్నాడు.

నాకు మనసొప్పలా. పగులు ఎక్కడిదాకా పోయిందో చూద్దామని బయటికెళ్లా. నడి ఎండాకాలం. నల్లరేగడి నేల, పెరడంతా నెర్రెలిచ్చి ఉంది. పగులు దిగిన మూల మాత్రం నెర్రె లేదు. గునపం దింపితే జానెడు లోతున మట్టి బంకలా అంటుకొచ్చింది.

"గోడ పడగొట్టొద్దండీ. తప్పు గోడలో లేదు, కింద నీళ్లు చేరుతున్నాయి" అన్నా.

రైతుగారు మా ఆయన వైపు తిరిగారు. "ఏం మేస్త్రీ, ఏమంటావు?"

మా ఆయన గునపానికంటిన మట్టిని వేళ్లతో నలిపి చూశాడు. "అది చెప్పిందంటే చూసే చెప్పుద్దండీ. తవ్వి చూద్దాం" అన్నాడు.

తవ్వితే బాత్రూమ్ పైపు వంపు దగ్గర పగిలి ఉంది. నీళ్లన్నీ పునాది కిందికే. నల్లమట్టి తడిస్తే ఉబ్బుద్ది, ఆరితే కుంగుద్ది. ఒక్క మూల ఉబ్బి గోడని ఎత్తేసింది, మిగతా గోడ కదల్లేదు. అందుకే చీలింది.

పైపు మార్పించా. వాన నీళ్లు గోడకి దూరంగా జారిపోయేలా ఇంటి చుట్టూ వాలుగా సిమెంటు చప్టా పోశాం. పగులుని మాత్రం పూడ్చనివ్వలేదు. దాని మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించా. గోడ ఇంకా కదులుతుంటే గాజు పగులుద్ది.

నెల తిరక్కుండానే రైతుగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నీ గాజు పగిలింది. నీ మాట విని నెల పోగొట్టుకున్నా."

బస్సెక్కా. దారి పొడుగునా ఒకటే దిగులు, నేనే తప్పు చూశానేమోనని. తీరా వెళ్లి చూస్తే గాజు ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. వేలు పట్టిన పగుల్లో ఇప్పుడు గోరే పడుతోంది. నా ప్రాణం లేచొచ్చింది.

"గోడ విడిపోవట్లేదండీ, దగ్గరికొస్తోంది. ఉబ్బిన మట్టి ఆరి సర్దుకుంటోంది. వానాకాలం వెళ్లనివ్వండి."

"అప్పటికీ నిలవకపోతే?"

"నిలుస్తుందండీ. నిలవకపోతే పలుగు నేనే పడతా."

రెండో గాజు పెట్టా. వానలు పోయాయి, చలి పోయింది, మళ్లీ ఎండలొచ్చాయి. గాజు చెక్కుచెదరలేదు. అప్పుడు పాత పూత చెక్కేసి, సందులు గీకి, పగులుకి అడ్డంగా అక్కడక్కడా ఇనప చువ్వలు కూర్చి, పైన సన్న జాలీ కొట్టి పూత వేశా. పని సాగిన రెండు రోజులూ మా ఆయన నాకు సిమెంటు అందించాడు. సాయంత్రం టీ తాగుతూ ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు.

మరుసటేడు రైతుగారి బావమరిది జగ్గయ్యపేటలో ఇల్లు మొదలుపెడుతూ నాకు కబురంపాడు. పునాది గుంటలోకి దిగి చూస్తే అడుగున ఇంకా నల్లమట్టే.

"గట్టి నేల తగిలేదాకా తవ్వాలండీ. పునాది పైన ఇంటి చుట్టూరా కాంక్రీటు బీము రావాలి."

"ఈ వీధిలో అందరూ ఈ లోతుకే ఆపారమ్మా" అన్నాడాయన.

"వాళ్ల గోడలు చూసొచ్చే చెబుతున్నానండీ."

ఆయన నవ్వి, పనివాళ్లని మళ్లీ గుంటలోకి దిగమన్నాడు. ఇంకో రెండు రోజులు తవ్వాక గులకరాయి కలిసిన ఎర్రనేల తగిలింది. మర్నాడు పొద్దున్నే కాంక్రీటు మొదలుపెట్టాం.