చప్పుడు పోయేదాకా బిగించాం

ఒకరు నెలల తరబడి కంటికి రెప్పలా పెంచిన స్ఫటికాన్ని, చదువుకున్నవాడొకడు పట్టపగలు, కుటుంబ సమేతంగా, ప్రార్థన కూడా చేయించుకుని మరీ ఎలా నలిపేశాడో వినాలని ఉంటే కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. ఆ చదువుకున్నవాణ్ణి నేనే. ఇందులో నాకు గౌరవం తెచ్చే వాక్యం ఒక్కటి కూడా లేదు. ఉందేమోనని నేనూ వెతికాను.

అది నేను హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టిన కొత్త. పరిశోధనంటే గొప్పగా ఊహించుకోకండి. టీ తేవడం, సునీతక్క చెప్పిన బరువులు మోయడం. సునీతక్కది తెనాలి. మా ప్రయోగశాలలో నా సీనియరు. ఆవిడ థీసిస్ మొత్తం బియ్యపు గింజలో సగం కూడా లేని ఒక నల్లటి స్ఫటికం మీద ఆధారపడి ఉంది. కర్బన అణువుల్ని గాజు పాత్రలో వేసి, సన్నటి కరెంటు పెట్టి, ఎవరూ బల్ల కదపకుండా కాపలా కాసి పెంచింది. మిగతావన్నీ చిట్లిపోగా మిగిలింది అదొక్కటే.

ఈ జాతి స్ఫటికాలు మామూలుగా వదిలేస్తే కరెంటును సరిగా పోనివ్వవు. బాగా చల్లబరిచి, కొంచెం నొక్కామంటే, లోపలి అణువులు దగ్గరికి జరుగుతాయి, ఎలక్ట్రాన్లు జంటలు కట్టి ఏ అడ్డూ లేకుండా పరుగెత్తుతాయి. నిరోధం సున్నా. దాన్నే అతివాహకత అంటారు. ఇంకా గట్టిగా నొక్కితే ఇంకా బాగా పరుగెత్తుతాయా అని అడగబోతున్నారు కదా. అదే లేదు. ఒత్తిడి ఎక్కువైతే ఆ జంటలు కట్టడం మానేస్తాయి, అతివాహకత మాయమవుతుంది, మన స్ఫటికం మామూలు రాగితీగ పక్కన తలవంచుకుని నిలబడుతుంది. కూరలో ఉప్పులాంటి వ్యవహారం. సునీతక్క ఆ ఉప్పును సరిగ్గా చూసి వేసింది.

వేసిందంటే, బొటనవేలంత లావున్న లోహపు గొట్టంలో నూనె నింపి, అందులో స్ఫటికాన్ని ఉంచి, పైన నట్టు బిగించింది. బిగించిన ఒత్తిడి లోపలే ఉండిపోతుంది కాబట్టి గొట్టాన్ని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. చల్లబరిచే యంత్రం బెంగళూరులో ఉంది. అక్కడివాళ్ళు మాకు అంత చల్లదనం తెచ్చే ద్రవ హీలియం ఇస్తామన్నది ఒక్క రోజుకే. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడో వాళ్ళకే తెలియదు, అక్క ఫెలోషిప్పు మాత్రం అంతదాకా ఆగదు.

"నేను ముందు వెళ్ళి యంత్రం సిద్ధం చేస్తాను," అంది అక్క. "నువ్వు రెండ్రోజులు చూసి, నూనె కారకపోతే పట్టుకురా. నట్టు మీదా గొట్టం మీదా కలిపి గీత గీశాను. గీత కలిసి ఉన్నంతకాలం నట్టు కదల్లేదని అర్థం. దాన్ని ముట్టుకోవద్దు. తిన్నగా వచ్చెయ్."

తిన్నగానే వెళ్ళేవాణ్ణి. కానీ నేనెక్కిన చుట్టుదారి రైలు మా మార్కాపురం మీదుగా పోతుంటే, స్టేషను అవతల అమ్మ కోడికూర వండుతుంటే, తిన్నగా పోవడమంటే ఏమిటో మీరే చెప్పండి. గొట్టాన్ని తువ్వాల్లో చుట్టి, స్టీలు క్యారేజీలో భద్రంగా పెట్టి ఇంట్లో దిగాను.

మా ఇంటిల్లిపాదీ పలకల పని మీద బతికినవాళ్ళం. పిల్లలు పలకలు మానేశాక ఇప్పుడు నేలకూ గోడలకూ వేసే రాళ్ళు. మా చిన్నాయన ఏసోబు ఆ రాళ్ళను చెక్కపెట్టెల్లో నిలబెట్టి సర్దుతాడు. సర్దాక పెట్టెను పట్టుకుని ఊపుతాడు. లోపల ఏ మాత్రం చప్పుడొచ్చినా, ఆ సరుకు లారీ దిగేసరికి ముక్కలే. అందుకని చప్పుడు పోయేదాకా గడ్డి కూరి, చీలలు కొట్టి బిగిస్తాడు. మా కుటుంబంలో నడక కన్నా ముందు నేర్పే విద్య ఇది.

చిన్నాయన నా క్యారేజీ ఎత్తి, అలవాటు కొద్దీ ఊపాడు. టిక్కుమంది.

"ఏందిరా ఇది, లోపల కొట్టుకుంటాంది."

"అది సైన్సు చిన్నాయనా. ముట్టుకోబాకు."

"సైన్సయితే చప్పుడు రావాల్నా? ఏముంది అందులో?"

"రాయిలాంటిదే. నలుసంత."

"పగులుద్దా?"

"పగిలితే మా అక్క నన్ను బతకనీదు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. చిన్నాయన ముఖంలోకి పెట్టెలు సర్దేటప్పటి గాంభీర్యం వచ్చేసింది. నేను గొట్టం బయటికి తీసి చూపించాను. "చూడు, గీత కలిసే ఉంది. అంటే నట్టు కదల్లేదు."

"గీత పైన ఉంది. పగిలేది లోపల. మనం పెట్టె సర్ది కంటితో చూస్తామా, చెవితో ఇంటామా?"

"చెవితో."

"మళ్ళ?"

పాఠకులారా, న్యాయంగా చెప్పండి. ఈ 'మళ్ళ?'కు ఏ విశ్వవిద్యాలయంలో జవాబుంది? నాకు అప్పుడు గుర్తొచ్చినవి మా మార్కాపురం రోడ్లు, స్టేషను నుంచి ఇంటిదాకా నన్ను ఎగరేసిన ఆటో. నట్టు వదులయ్యే ఉంటుంది అనిపించింది. గీతను కళ్ళారా చూస్తూనే అనిపించింది. అదే నా ప్రతిభ.

"కొంచెమే," అన్నాను. "వెంట్రుకవాసి."

చిన్నాయన పానా తెచ్చాడు. వెంట్రుకవాసి తిప్పాడు. గొట్టాన్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టి, క్యారేజీలో పెట్టి ఊపాం. టిక్కు. మళ్ళీ తిప్పాడు. టిక్కు. నాయన మంచం మీద నుంచి లేచొచ్చి, "నీకు చేతగాదు, ఇటివ్వు," అని తనొక చుట్టు తిప్పాడు. టిక్కు. పానా ఇక తిరగనంటే దానికి పైపు తొడిగారు. నేను గొట్టం పట్టుకున్నాను, నాయన నన్ను పట్టుకున్నాడు, చిన్నాయన పైపు మీద వేలాడాడు.

"చాలేమో చిన్నాయనా," అన్నాను.

"చప్పుడు పోయిందా?"

"పోలా."

"అయితే చాల్లా."

చివరికి అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ముగ్గురు మగోళ్ళు కలిసి ఒక క్యారేజీతో కుస్తీ పడతాన్నారా," అని, గొట్టాన్ని చుట్టి లోపల పెట్టి, ప్రయాణంలో మూత ఊడకుండా క్యారేజీ చుట్టూ ఇంకో తువ్వాలు బిగించి ముడేసింది. చిన్నాయన ఊపాడు. నిశ్శబ్దం. మళ్ళీ ఊపాడు. అబ్బ, ఎంత నిశ్శబ్దం. చిన్నాయన చెమట తుడుచుకుని, "ఇప్పుడు పో ఎక్కడికైనా," అన్నాడు. అమ్మ క్యారేజీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నేను 'ఆమెన్' అన్నాను, నిజంగా కృతజ్ఞతతో.

గిద్దలూరు దాటి రైలు సొరంగంలోకి పోబోతుండగా ముఖం తుడుచుకుందామని అమ్మ ముడేసిన తువ్వాలు విప్పాను. టిక్కు.

గొట్టం బయటికి తీసి చెవి దగ్గర ఊపాను. ఏమీ లేదు. ఖాళీ క్యారేజీ ఊపాను. టిక్కు, టిక్కు, టిక్కు. క్యారేజీ క్లిప్పు వదులుగా ఉంది. అంతే. ముగ్గురం అంతసేపు ఆ రెంటినీ విడివిడిగా ఊపి చూడలేదు. భౌతికశాస్త్రంలో పట్టా ఉన్నవాడు కూడా. గొట్టం మీద గీత కోసం చూస్తే, నట్టు మీది సగం చుట్టూ తిరిగి ఎక్కడో వెనక వైపు నుంచి నన్ను చూస్తోంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "కడుపులో బాగలేదా నాయనా," అని నీళ్ళ సీసా ఇచ్చాడు.

బెంగళూరులో సునీతక్క గొట్టం అందుకుని ముందు గీతనే చూసింది. నేను నిజం చెప్పాను. క్లిప్పు గురించి, పైపు గురించి, ఆమెన్ గురించి కూడా. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "బతికుందో లేదో ముందు చూద్దాం," అంది. నాకూ ఏడుపొచ్చింది.

అలాగే చల్లబరిచాం. నిరోధం తగ్గింది, తగ్గింది, సున్నాకు ఇంకాస్త దూరంలో ఆగి, ఇక కదలనని మొండికేసింది. స్ఫటికం పగల్లేదు, కానీ అతివాహకత లేదు. అక్క పెదవి కొరుక్కుని, గొట్టాన్ని వెచ్చబరిచి, ఊపిరి బిగబట్టి నట్టును కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పింది. మిగిలిన హీలియంతో మళ్ళీ చల్లబరిచాం. తెర మీద గీత వాలుగా దిగుతూ దిగుతూ, ఒక్కసారిగా సున్నా మీదికి జారి పడుకుంది.

అక్క నా వీపు మీద గుద్దింది. అది ప్రేమతోనో పగతోనో ఇప్పటికీ తెలియదు, ఇద్దరం మాత్రం గెంతులు వేశాం. తర్వాత ఆవిడ తెర మీది రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూసి, "ఒరేయ్ సుధాకర్, ఎక్కువ నొక్కితే పోతుందని కూడా తేలింది కదరా. ఇదీ థీసిస్‌లో పెడతాను. కానీ ఎంత ఒత్తిడి దగ్గర పోయిందో రాయాలి. మీ చిన్నాయనకి ఫోన్ కలుపు," అంది.

కలిపి స్పీకరులో పెట్టాను.

"బాబాయ్‌గారూ, ఆ రోజు నట్టు ఎంత బిగించారండీ?"

ప్రయోగశాలలో అందరూ పెన్నులు పట్టుకుని ఆగారు.

"ఎంతేంది తల్లీ," అన్నాడు చిన్నాయన. "నల్లమల ఘాటులో లారీ దొర్లినా లోపల పలక కదలనంత."

ఆ కొలతను ఇంకే కొలతలోకి మార్చాలో బెంగళూరు శాస్త్రజ్ఞులకి కూడా తెలియలేదు. అక్క మాత్రం నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేసింది.

కనుక, ఇంటిల్లిపాదీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఈ చేతులతో ఏ నట్టునూ, ఏ మూతనూ, ఏ కొళాయినీ బిగించను. మా వంటింట్లో కొళాయి కారుతోందని మా ఆవిడ నిన్నటినుంచి గోల పెడుతోంది. ప్రమాణం ప్రమాణమే అని చెప్పి, కింద బకెట్టు పెట్టాను.