అవతలి బోల్టు

సౌదీలోని జుబైల్‌లో, ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి నేను కొత్తగా వచ్చిన రోజులవి. మా జగిత్యాలవాడే అయిన సీనియర్ ఫిట్టర్ రాజన్న కింద నన్ను వేశారు. తిట్టు లేకుండా ఒక్క పనీ నేర్పేవాడు కాదు. ఆ కసితోనే ఒకరోజు అతను చెప్పేదాకా ఆగకుండా, పైపు జాయింటుకు నా వైపున్న బోల్టు విప్పడం మొదలుపెట్టాను. వెనక నుంచి కాలర్ పట్టి ఈడ్చి కింద పడేశాడు. నేను కొట్లాటకు లేచేలోపే, నా ముఖం ఉన్న చోటికి పైపులో మిగిలిన యాసిడ్ చిమ్మింది.

"అవతలి బోల్టు ముందుగాల ఇప్పాలె అని ఎన్నిసార్లు జెప్పిన్రా? లోపలున్నదంత అటు దిక్కు పోతది. సస్తె మీ అవ్వకు నేనేం జెప్పాలె?" అంటూ అందరి ముందూ చెంప పగలగొట్టాడు.

రాజన్న అంటే నాకిప్పటికీ పడదు. ఇప్పుడు నా కింద పని నేర్చుకుంటున్న కుర్రాడికి నేనన్నా గిట్టదు. గిట్టకపోతే పోనీ! వాడు అవతలి బోల్టే ముందు విప్పుతున్నాడు.