లెటీషియా ఆడని మొదటి డాన్సు

ఇంగ్లండులోని బాత్ పట్టణంలో లెటీషియా పెన్‌రడాక్ తల దించగా చూసినవాళ్లు లేరు. మెట్లు దిగేటప్పుడు కూడా గడ్డం పైకే ఉండేది. కాలు జారితే తప్పు మెట్లది. తండ్రి పోయాక ఎస్టేటు ఎవరో దాయాదికి పోయి, ఆమెకు ఇంటిపేరూ, మేనత్త మిసెస్ గాంట్ ఇంట్లో ఓ గదీ మిగిలాయి. కొవ్వొత్తి ఖర్చవుతుందని పెందలాడే పడుకునే ఆ ఇంట్లో, చుట్టాలొస్తే టీ మాత్రం వెండి పాత్రలోనే. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె ఉండాలి కదా.

ఆమె మనసు పడింది నౌకాదళంలో లెఫ్టినెంట్ హ్యూ కార్లియన్ మీద. అతను గదిలోకి వస్తే విసనకర్ర తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా ఆమెకు తెలిసేది కాదు. నిజంగానే ప్రేమించింది, అందులో వేళాకోళం లేదు. కాకపోతే సర్ బార్నబీ క్రౌచ్ కూడా ఆమె వైపు చూస్తున్నాడు. అరవై దాటాయి, కాలికి వాతం, నోరు తెరిస్తే పందుల పెంపకం. కానీ కనుచూపు మేర భూమి ఆయనదే.

"ముసలాడైతేనేమే? నువ్వేమన్నా ఆయన్ని ఎత్తుకు తిరగాలా?" అనేది మేనత్త.

ఆ సాయంత్రం డాన్సు హాల్లో వాద్యాలు మొదలవకముందే హ్యూ వచ్చాడు.

"రేపు ఓడెక్కుతున్నానండీ. మొదటి డాన్సు నాతో చేస్తే పెళ్లికి సరేనన్నట్టే అనుకుంటాను. నోరు విప్పి చెప్పక్కర్లేదు."

సర్ బార్నబీ ఇంకా రాలేదు. వచ్చి డాన్సుకు అడుగుతాడని మేనత్త ఒట్టేసి మరీ చెప్పింది. లెటీషియా తలనొప్పి అంది, ఈ రాత్రి ఆడనంది. అతను వంగి నమస్కరించి హాల్లో అవతలి మూలకు వెళ్లిపోయాడు.

ఒకరిని కాదన్న ఆడపిల్ల ఆ రాత్రి ఇంకెవరితోనూ ఆడకూడదు. ఆడితే మొదటివాణ్ణి నలుగురిలో అవమానించినట్టు. ఊరందరికీ మర్యాదలు నేర్పే లెటీషియాకు ఈ మర్యాద సర్ బార్నబీ చెయ్యి చాచాకే గుర్తొచ్చింది. సగం లేచింది. చుట్టూ కళ్లన్నీ తన మీదే ఉండటం చూసి కూలబడింది. తలనొప్పి అని మళ్లీ చెప్పక తప్పలేదు.

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. పక్కనే ఉన్న పాదిరిగారమ్మాయి డోర్కస్‌ను తీసుకెళ్లాడు. వాళ్లింట్లోనూ పందులున్నాయట, మాటలు బాగానే కలిశాయి.

హాలంతా మరోలా అర్థం చేసుకుంది. ప్రేమ కోసం కోటీశ్వరుణ్ణి కాదంది, మహాతల్లి అనుకున్నారు. ఆ గుసగుసలు విని హ్యూ పరుగున వచ్చాడు.

"నాకోసం ఆయన్ని వద్దన్నారట. మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను. ఇప్పుడు చెప్పండి, నా చెయ్యి పట్టుకుంటారా?"

సరేనన్న మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే డాన్సు ముగిసి, సర్ బార్నబీ కుంటుకుంటూ ఇటే రావడం హ్యూ పక్కనుంచి కనిపించింది. ఆమె చూపు ఒక్క క్షణం అటు వెళ్లింది. హ్యూ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

"దారికడ్డంగా నిలబడ్డానండీ," అని పక్కకు తప్పుకుని, తలుపు వైపు నడిచాడు.

పిలవాలనుకుంది. కానీ పెన్‌రడాక్ ఆడపడుచు నిండు సభలో మగవాణ్ణి పేరు పెట్టి కేకేయడమా? అతను బయటికి వెళ్లిపోయాడు. లెటీషియా నవ్వు తెచ్చుకుని సర్ బార్నబీ వైపు తిరిగింది.

"మీరెలాగూ ఆడటం లేదు కదమ్మా," అన్నాడాయన ఆయాసపడుతూ. "కాస్త ఆ కుర్చీ ఇప్పించండి. డోర్కస్ అలసిపోయింది."

లెటీషియా లేచి ఇచ్చింది.