భోజనాల బల్లకు మొలిచిన రెక్క

టెక్సస్‌లోని ప్లేనోలో జూలై మధ్యాహ్నం కారు స్టీరింగు పట్టుకోవడమంటే పెనం మీద అట్టును చేత్తో తిరగేయడమే. రెండు కార్లు పట్టే గరాజు మాకూ ఉంది. అందులో నా పాత ఉత్సాహాలు ఉంటాయి: ఒక టెలిస్కోపు, ఒక కీబోర్డు, సగం బిగించిన టేబుల్ టెన్నిస్ బల్ల. కార్లు ఎండలో ఉంటాయి.

ఆ వేసవిలో మా అమ్మాయికి విమానం ఎగరేయాలనిపించింది. బడి తెరిచేలోపు, పార్కులో, రిమోట్ తన చేతిలో పట్టుకుని. అంతకుమించి కోరిక లేదు.

హాబీ షాపులో రెండు పెట్టెలు చూపించారు. ఒకదాంట్లో విమానం దాదాపు విమానంలాగే ఉంది. రెక్కలు బిగించి బ్యాటరీ పెడితే చాలు. రెండోదాంట్లో అగ్గిపుల్లలకు అన్నయ్యల్లాంటి చెక్క పుల్లలూ, దుప్పటంత ప్లాను కాగితమూ ఉన్నాయి.

"నాన్నా, ఇది టుడేనే ఫ్లై అవుతుంది," అంది అమ్మాయి మొదటి పెట్టెను వాటేసుకుని.

"కొన్నది ఎవరైనా ఎగరేస్తారమ్మా. మనం కట్టి ఎగరేద్దాం. టూ వీక్స్."

నేను టూ వీక్స్ అంటే ఆఫీసులో మా టీమ్ వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. అమ్మాయికి ఇంకా ఆ అనుభవం లేదు. పుల్లల పెట్టే కొన్నాం.

నాకు తెలిసిన ఆఫీసు పద్ధతిలోనే మొదలుపెట్టాను. పనులన్నీ రంగు చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. రోజూ పొద్దున్నే తల్లీకూతుళ్లను ఫ్రిజ్ ముందు నిలబెట్టి స్టాండప్ మీటింగు పెట్టాను. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏది అడ్డొస్తోంది?

"మీరే. కాస్త జరగండి, పాలు తీసుకోవాలి," అనేది మా ఆవిడ.

చీటీలు ఒక వరుసలోంచి ఇంకో వరుసలోకి చక్కగా కదిలాయి. పుల్లలు కదలలేదు. చివరికి ఒక ఆదివారం భోజనాల బల్ల మీద ప్లాను పరిచి, దానిపైన ఎడమ రెక్క పుల్లలను ఒకదానికొకటి అంటించాను. ముందుగా ప్లాను మీద మైనపు కాగితం వేసుకోవాలని సూచనల్లో ఉందట. జిగురు గురించి మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. రెక్క ప్లానుకీ, ప్లాను బల్లకీ అంటుకున్నాయి.

మా ఆవిడ అట్లకాడతో ఒక మూల గోకి చూసి, "ఇవాళ్టి నుంచి సోఫాలో తిందాం," అంది.

బడి తెరిచే వారం వచ్చేసింది. శుక్రవారం నేను మేడ మీద ఆఫీసు కాల్‌లో ఉండగా తల్లీకూతుళ్లు వెళ్లి, అప్పుడు షాపులో వదిలేసిన పెట్టెను కొనుక్కొచ్చారు. నేను కాల్ ముగించి కిందికి దిగేసరికి విమానం రెక్కలతో సహా సోఫాలో కూర్చుని ఉంది.

సాయంత్రం పార్కులో మా ఆవిడ దాన్ని గాల్లోకి విసిరింది. అమ్మాయి రిమోట్ తిప్పింది. అది కాసేపు తడబడి, చెట్ల మీదుగా ఒక చుట్టు తిరిగి, మా నెత్తి మీదుగా దూసుకెళ్లింది.

"బావుంది," అన్నాను. "రేపట్నుంచి మనం కుడి రెక్క మొదలుపెడదాం."

అమ్మాయి ఆకాశంలోంచి చూపు తిప్పలేదు.

"అది నీ ప్లేన్, నాన్నా. నాది ఎగురుతోంది."