పళ్ళు వెనక్కి వాలిన రంపం

మా కాలనీలో ఎవరిని అడిగినా ఈ కథను మా ఆయనతోనే మొదలుపెడతారు. ఆయన ఫ్యాక్టరీ టూల్‌రూంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు కదా, ఆ విద్యే పెళ్ళానికీ అబ్బింది, అందుకే పాత రంపాలు కొని బాగుచేస్తోంది అంటారు. ఈ మాట చెప్పేవాళ్ళలో మా ఆడబిడ్డ అందరికంటే ముందుంటుంది. ఇంకో కథ కూడా ఉంది, అది ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేది. ఆ వయసులో ఒంట్లో ఆవిర్లు వస్తాయి, నిద్ర పట్టదు, ఏదో ఒకటి గీకుతూ కూర్చుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుందట. రెండూ అబద్ధాలే. మా ఆయన నాకు నేర్పింది స్కూటర్ కిక్ కొట్టడం ఒక్కటే, అదీ సగమే. ఇక నిమ్మళం సంగతంటారా, ఆకురాయితో రంపం పన్ను రాస్తుంటే వచ్చే కీచు ఒక్కసారి విన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు.

జరిగింది ఇది. పాడైన కూలర్ అమ్మడానికి రుద్రారం దాటాక హైవే పక్కనున్న పాత సామాను కొనే కబాడీ దుకాణానికి వెళ్ళాను. మందుల కంపెనీల నీలం డ్రమ్ములు, హాస్టళ్ళు వదిలించుకున్న ఇనుప మంచాలు, ఫ్రిజ్ తలుపులు. వాటి మధ్య ఒక చెక్క పిడి బయటికి చూస్తోంది. పట్టుకుని లాగితే తుప్పుతో ఎర్రబారిన చేతిరంపం వచ్చింది.

"ఇదేంది భాయ్, దీన్ని గూడ కరగబోస్తరా?" అన్నాను.

"అంతా మిషిన్ల మీద నడుస్తది అక్కా. ఇగ చేతిరంపం ఎవలు పడ్తరు. తూకంల పోతది."

"తూకంలనే నాకియ్యి."

"ఏం జేస్తవక్కా? అన్న మీద గిట్ల కోపమున్నదా?"

"కోపముంటే గింత మొండిది కొంటనా. మంచి పదునున్నది కొంటుంటి."

అతను నవ్వి, తూకం వేయకుండానే ఇచ్చాడు. అలా మొదలైంది. ఏ మహత్తర కారణమూ లేదు. పిడి బాగుంది, అంతే.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఆ చదువు నాకు ఉపయోగపడిన మొదటి చోటు రంపమే. తుప్పు వదలడానికి పులుపు కావాలి. యాసిడ్ తెస్తానని కాలనీలో ముగ్గురు నలుగురు మగవాళ్ళు ముందుకొచ్చారు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసి దిగిపోయిన మగవాళ్ళకు ఇనుము కంటపడితే చాలు, నోట్లోంచి సలహా జారుతుంది. నేను చింతపండు నానబెట్టి, ఆ గుజ్జు రంపానికి పట్టించి, తడిగుడ్డ చుట్టి పడుకోబెట్టాను. తెల్లారి కొబ్బరి పీచుతో రుద్దితే తుప్పు ముద్దలుగా ఊడి వచ్చింది, కింద నల్లటి ఉక్కు కనిపించింది. కడిగి, ఆరబెట్టి, ఆముదం రాశాను.

"పులుసులకు చింతపండు లేదంటవు గని రంపానికి ఉంటది," అన్నాడు మా ఆయన.

"రంపం ఉప్పు తక్కువైందని అనదు," అన్నాను.

పక్కింటి ఫోర్‌మన్ గారు రిటైరయ్యారు. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన నా రెండో రంపాన్ని "ఇలా ఇవ్వండి చెల్లెమ్మా, పది నిమిషాల పని" అని పట్టుకెళ్ళారు. గ్రైండర్ మీద పెట్టి, అద్దంలా మెరిపించి తెచ్చారు. అంచంతా నెమలి కంఠంలా నీలం తిరిగి ఉంది. ఆ వేడికి ఉక్కులోని గట్టిదనం పోయింది, పళ్ళు పనస తొన కూడా కోయవు. "మెరుస్తోంది కదండీ," అన్నారు. అప్పటినుంచి ఎవరికీ ఇవ్వలేదు. నా పని నేనే చేసుకున్నాను, ఒక్కో పన్నూ ఎటు వాలి ఉంటే అటే, ఆకురాయితో మెల్లగా.

రంపాలు పెరిగాయి. వీధి వైపున్న చిన్న గదిలో మేకులు కొట్టి వేలాడదీశాను. ఒకప్పుడు మా ఆయన స్కూటర్ పెట్టుకున్న గది అది. ఆయన టూల్‌రూం బల్ల, దానికి ఇనుమును బిగించి పట్టే వైసు కూడా అందులోనే ఉన్నాయి. ఆ గది నాకెందుకో చెప్తాను. మా ఇంట్లో వంటగది నాదే, కానీ అక్కడ నన్ను ఎవరైనా పిలవచ్చు. హాలు టీవీది. పడకగది ఇద్దరిది, అందులో గురక ఒకరిది. తలుపు వేసుకుంటే ఎవరూ "ఏం జేస్తున్నవ్" అని అడగని చోటు, పెళ్ళయ్యాక నాకు దొరికిన మొదటిది ఆ గది.

అప్పుడే మా ఆయనకు ఒక లెక్చరర్ తగిలాడు. యూనివర్సిటీలో కొత్తగా చేరాడట, ఒక్కడేనట, మంచివాడట, గది కిరాయికి కావాలట.

"గా గది ఖాళీ జెయ్యి," అన్నాడు అన్నం తింటూ.

"ఖాళీగ లేదు. నా రంపాలున్నయి."

"ఉన్నయి, గోడకు దేవుని పటాల లెక్క. ఒక్కటన్న ఎన్నడన్న కోసిందా?"

నేను తుప్పు వదిలించాను, పదును పెట్టాను, నూనె రాశాను. కోయలేదు. కోయడానికి మా ఇంట్లో ఏముంది?

"కోస్తది," అన్నాను.

"అయితే ఆదివారం సూద్దాం. నీకిష్టమున్నదే తియ్యి. కోస్తే గది నీది. కొయ్యకుంటే అన్నీ కబాడీకి, గది సార్‌కు."

ఆదివారం పొద్దున ఫోర్‌మన్ గారు కూడా వచ్చారు, పిలవకుండానే. పాత దర్వాజ చెక్క ఒకటి వైసులో బిగించారు. టేకు, ఇటుకలాంటి గట్టిదనం. నేను నా మొదటి రంపమే తీశాను. అన్నిట్లోకీ పలచటిది, అందమైనది. మా ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నేను గద కొయ్యాల్సింది?"

"నువ్వు మెల్లగ కోసి కోస్తదంటవ్. నేను జూస్తా."

చెక్క అంచు మీద పెట్టి, గాటు పడడానికి ఒకసారి వెనక్కి లాగాడు. తర్వాత ఇనుము కోసే హాక్‌సా పట్టినట్టే నిలబడి, భుజం బలమంతా పెట్టి ముందుకు తోశాడు. రంపం టింగుమని విల్లులా వంగింది. మళ్ళీ తోశాడు. చెక్క మీద ఎలుక గీరినంత గీత పడింది.

ఫోర్‌మన్ గారు కళ్ళజోడు సవరించుకుని పళ్ళు చూశారు. "ఇదిగో, అసలు సంగతి ఇది. పళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి, పిడి వైపుకి. ఎవడో తెలివితక్కువవాడు తిరగేసి రాశాడు. చెల్లెమ్మగారు దాన్నే ఇంకా పదును పెట్టారు. పళ్ళన్నీ నరికేసి ముందుకు తిప్పిస్తే పనికొస్తుంది. మా వాళ్ళ షెడ్డులో గ్రైండరుంది."

"ఇగ సార్‌కు ఫోన్ జెయ్యనా?" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఓడిపోయినందుకు కాదు, గ్రైండర్ అన్నందుకు. రంపం లాక్కున్నాను, చెక్క వైసులోంచి ఊడదీశాను, బల్ల దగ్గర ఆ ఇద్దరూ జరగలేదు కాబట్టి నేల మీదే కూర్చున్నాను. చేపలు కోసేటప్పుడు కత్తిపీటను ఎలా తొక్కిపెడతానో అలా చెక్కను ఒక పీట మీద వేసి పాదంతో తొక్కిపట్టాను. ఇందులో ఆలోచన ఏమీ లేదు, కూర్చుంటే నా కాలు చేసే పని అదే. గాటు కోసం వెనక్కి లాగాను.

పట్టింది. చెక్క లోపలికి పన్ను దిగడం మోచేయి దాకా తెలిసింది.

తోయడం మానేశాను. మళ్ళీ లాగాను. లాగిన కొద్దీ రంపం తిన్నగా సాగింది, వంగలేదు. పొట్టు ముందుకు కాకుండా నా ఒళ్ళోకే రాలింది, టేకు వాసన వేసింది. పళ్ళు ఎవడో తెలివితక్కువవాడు తిప్పినవి కావు. నేల మీద కూర్చుని, కాలితో చెక్క పట్టి, తన వైపుకి లాగి కోసే మనిషి కోసం పెట్టిన పళ్ళు. జీవితమంతా బల్ల ముందు నిలబడి ఇనుమును ముందుకు తోసిన వీళ్ళకు అవి తిరగబడినట్టే కనిపిస్తాయి.

ముక్క తెగి మా ఆయన కాళ్ళ దగ్గర పడింది.

"ఏదో పాత పద్ధతిలెండి," అన్నారు ఫోర్‌మన్ గారు, వాచీ చూసుకుంటూ. "టిఫిన్ టైమైంది."

"పాతదో కొత్తదో, కోసింది గద అన్నయ్యా. ఇడ్లీ గూడ కోసియ్యనా?"

ఆయన వెళ్ళిపోయారు. మా ఆయన ముక్కను తీసి, తెగిన వైపు బొటనవేలితో రుద్ది చూశాడు. నునుపుగా ఉంది. బయటికి వెళ్ళి లెక్చరర్‌కు ఫోన్ చేసి, గది ఇవ్వడం కుదరదని చెప్పాడు. లోపలికొచ్చి, "జెర ఛాయ్ పెట్టు," అన్నాడు. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. గది నాదైంది.

గెలిచాక నాలుగు రోజులు నేల మీద నడవలేదు నేను. కూరగాయల బండి దగ్గర కూడా చెప్పుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం అదే రంపానికి నూనె రాస్తుంటే ఒక విషయం ముల్లులా గుచ్చుకుంది. ఆయన కూడా గాటు కోసం ముందు వెనక్కి లాగాడు. నాకు మోచేయి దాకా తెలిసింది ఆయనకు తెలియలేదా? అన్నేళ్ళు టూల్‌రూంలో, వెంట్రుకలో సగం తేడాను వేలితో పట్టే మనిషి. బజార్లో టమాటా కూడా తిప్పి చూడనిదే కొనడు. పళ్ళు ఎటు చూస్తున్నాయో చూడకుండా రంపం పట్టాడంటే నేను నమ్మాలా?

అడిగాను. "నాకేం ఎరుక," అన్నాడు. ఇంకోసారి అడిగాను. "నీకు గది కావాలె, దొరికింది. ఇగ లొల్లి ఎందుకు?" అన్నాడు. ఇది జవాబు కాదు. తెలియక తోసి ఉంటే నా గెలుపు నాది. తెలిసీ తోశాడంటే, నన్ను ఓడించడానికైనా తోసి ఉండాలి, నేనే లాక్కుని కోసేలా రెచ్చగొట్టడానికైనా; రెండోదైతే ఆ గది నేను కోసి తెచ్చుకున్నది కాదు, ఆయన ఇచ్చింది. ఇచ్చింది తీసుకోవడం నాకు ఇష్టం లేదు, తిరిగి ఇవ్వడం అంతకంటే ఇష్టం లేదు.

కాబట్టి ఇక్కడ, అందరి ముందూ అడుగుతున్నాను. ఏమయ్యా, ఆ రోజు మొదటిసారి వెనక్కి లాగినప్పుడు రంపం పట్టిందా, పట్టలేదా?