పాత పైథాన్‌ను ముట్టుకోకుండా

పాప పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగంలోకి, అది ఒకటో తరగతిలో చేరాక మళ్ళీ వచ్చాను. పాత కంపెనీకి కాదు, హైటెక్ సిటీలోనే ఇంకో చోటికి. పర్మనెంట్ కూడా కాదు, కాంట్రాక్టు. పని నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే బ్యాడ్జి ఇచ్చేసి రావాలి. ఆ మాట ఇంటర్వ్యూలో ఒక్కసారే అన్నారు. నాకు మాత్రం లిఫ్టు ఎక్కిన ప్రతిసారీ వినిపించేది.

పాపను చూసుకోవడానికి మా అమ్మ పుప్పాలగూడ నుంచి వచ్చి కొండాపూర్‌లో మా దగ్గర ఉంది. వచ్చిందే గాని, నేను ఉద్యోగానికి పోవడం ఆమెకు ఇష్టం లేదు. "ఇంట్ల ఏం తక్కువైందని పోతున్నవే?" అని రోజూ పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ అడిగేది. తక్కువైంది ఏమిటో నాకు తెలుసు, కానీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం చేతకాలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయేదాన్ని.

మా టీమ్ లీడ్ నాకంటే చాలా చిన్న అమ్మాయి. గోదావరి వైపు నుంచి చదువు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడింది. అందరినీ మీరు అంటుంది, ఎవరి మీదా గొంతు పెంచదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది. కోప్పడేవాళ్ళ దగ్గరైతే మనమెక్కడున్నామో తెలిసిపోతుంది.

చేరిన కొత్తలోనే ఒక పని ఇచ్చింది.

"ఒక క్లయింట్‌కి మెసేజ్ సర్వర్ పెట్టాలండి. వాళ్ళ ఉద్యోగులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి. రెడీమేడ్‌గా దొరికేది వాళ్ళ మిషన్ మీద ఎక్కట్లేదు. సోర్స్ నుంచే బిల్డ్ చేయాలి."

"మిషన్ అంత పాతదా?"

"బాగా పాతదండి. అందులో ఉన్న పైథాన్ కూడా పాతదే. దాన్ని మాత్రం ముట్టుకోకండి. వాళ్ళ పాత ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఇదివరకు ఒకాయన మంచి చేద్దామనుకుని దాన్ని మార్చాడు. మర్నాడు వాళ్ళ ఆఫీసులో ఒక్క రిపోర్టు రాలేదు."

అంటే నేను చేయాల్సింది ఇదీ. ముందు, ప్రోగ్రాములను నడిపించే ఈ పైథాన్‌లో కొత్తదాన్ని, దాని కోడ్ తెచ్చుకుని ఆ మిషన్ మీదే కంపైల్ చేయాలి, అంటే మిషన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. దాన్ని వేరే ఫోల్డర్‌లో, ఈ సర్వర్‌కు తప్ప ఇంకెవరికీ తగలకుండా పెట్టాలి. ఆ తర్వాత దాని మీద సర్వర్‌ను కట్టాలి. ఉద్యోగం మానేయకముందు ఇలాంటివి ఎన్నో చేశాను. వేళ్ళకు గుర్తుంటుందనుకున్నాను.

కమాండ్ కొట్టగానే స్క్రీన్ మీద లైన్లు పరుగెత్తడం మొదలైంది. ఇక చేయడానికేమీ లేదు. అదే నాకు పెద్ద కష్టమైపోయింది. పక్కవాళ్ళంతా టకటకా ఏదో కొడుతున్నారు, నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఖాళీగా ఉన్నానని ఎవరైనా అనుకుంటారేమో. లేచి నీళ్ళు తాగొచ్చాను. దాహం లేకుండానే ఇంకోసారి వెళ్ళాను. అద్దాల దగ్గర నిలబడి కింద ఫ్లైఓవర్ మీద వానలో ఆగిపోయిన కార్లను చూశాను. అక్కడ నిలబడగానే స్క్రీన్ మీద ఏమైందోనని వెనక్కి పరుగు. ఈలోగా అమ్మ ఫోన్.

"పిల్ల బడి నుంచి వచ్చింది. ఏమన్న తినమంటే తింటలేదు. నువ్వు ఎప్పుడొస్తవంటున్నది."

"పనైనంక వస్తనమ్మా. ఫికర్ చెయ్యకు."

"నాకేం ఫికర్? ఫికరంతా నీకే ఉన్నది."

ఫోన్ పెట్టేసి మళ్ళీ కుర్చీ వెనకే నిలబడ్డాను. లీడ్ చూసి నవ్వింది. "కూర్చోండి. మీరు నిలబడితే అది తొందరగా అవదు కదండీ."

కూర్చున్నాను. కాసేపటికి లైన్లు ఆగాయి, కంపైల్ అయిపోయింది. పైథాన్ సిద్ధమైందని ఆమెకు చెప్పాను కూడా. తర్వాత సర్వర్‌కు కావలసిన చిన్న చిన్న కోడ్ ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుందామని కమాండ్ ఇస్తే ఒక్కటీ రాలేదు. బయటి సైట్లతో భద్రంగా మాట్లాడే భాగం ఈ పైథాన్‌లో లేదని ఎర్రర్. వెనక్కి స్క్రోల్ చేసి చూస్తే ఆ సంగతి బిల్డ్ మధ్యలో చెప్పనే చెప్పింది. అప్పుడు నేను అద్దాల దగ్గర కార్లు చూస్తున్నాను.

మరుసటి రోజు పొద్దున లీడ్ నా సీటు దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చింది. "సాయంత్రం క్లయింట్‌తో కాల్ ఉందండి. మీకు ఇబ్బందైతే చెప్పండి, ఇంకొకరికి ఇస్తాను. తప్పుగా అనుకోవద్దు."

గొంతులో ఎక్కడా కటుత్వం లేదు. ఒక్కసారిగా నా చెవులు వేడెక్కాయి. పాపకు జ్వరం వచ్చిందనో ఇంకేదో చెప్పి తప్పుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదండి, నేనే చేస్తాను. ఎక్కడ ఆగిందో తెలిసింది."

తెలిసింది సగమే. ఆ మిషన్‌లో ఆ భద్రత పని చూసే లైబ్రరీ, అంటే పైథాన్ వాడుకునే కోడ్ కట్ట, అది కూడా పాతదే, కొత్త పైథాన్‌కు అది పనికిరాదు. దాన్నీ ముట్టుకోకూడదు. కాబట్టి ముందు ఆ లైబ్రరీని కూడా నా ఫోల్డర్‌లోనే వేరుగా కంపైల్ చేసి, పైథాన్‌కు అది ఎక్కడుందో చెప్పి, మొత్తం మళ్ళీ మొదటి నుంచి కట్టాను. ఈసారి కదల్లేదు. ప్రతి లైనూ చదవడం మనిషి వల్ల కాదు, అయినా చూస్తూ కూర్చున్నాను. కాలు మాత్రం డెస్కు కింద ఊగుతూనే ఉంది, పక్క సీటతను తన మానిటర్ కదులుతోందని నా వైపు చూశాడు.

అయిపోయింది. నడిపించి చూస్తే మళ్ళీ అదే గోల. నా కొత్త లైబ్రరీని వదిలేసి, మిషన్‌లోని పాతదాన్ని వెతుక్కుంటూ పోతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాష్‌రూమ్‌కు వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, పైథాన్ నడిచేటప్పుడు కూడా లైబ్రరీ కోసం నా ఫోల్డర్‌లోనే వెతకమని దారి రాసి, మూడోసారి కట్టాను. మధ్యాహ్నం అన్నం తినలేదు. అమ్మ పెట్టిన చింతచిగురు పప్పు డబ్బాలోనే ఉండిపోయింది.

ఈసారి ప్యాకేజీలన్నీ దిగాయి. సర్వర్ లేచింది. నా బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరుచుకుంది, మామూలు తెల్ల పేజీ, రెండు ఖాళీ గడులు. సంతోషించడానికి ముందు భయమేసింది. మిషన్ అసలు పైథాన్ ఎలా ఉందో చూశాను. పాతది పాతదిగానే ఉంది. మళ్ళీ చూశాను. వాళ్ళ రిపోర్టు ఒకటి నడిపించి చూశాను, వచ్చింది.

సాయంత్రం కాల్‌లో క్లయింట్ వైపు ఆయన లాగిన్ అయి, ఒక మెసేజ్ పంపి, "ఓకే, వర్కింగ్" అన్నాడు. తర్వాత వేరే విషయంలోకి వెళ్ళిపోయారు. కాల్ అయ్యాక లీడ్ ల్యాప్‌టాప్ మూస్తూ, "వాళ్ళకి అలాంటి మిషన్లు ఇంకో మూడున్నాయండి. అవి కూడా మీరే చూస్తారా?" అంది.

"చూస్తాను," అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పాపకు అన్నం తినిపిస్తోంది. డబ్బా మూత తీసి చూసి నన్ను తిట్టింది. నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "కూసోని తినరాదే! అయినా రెండు దినాల సంది గంత పరేషాన్ ఏందే? ఏం జేసినవ్ ఆడ?" అంది.

మొదటిసారి చెప్పాలనిపించింది. "మిషన్ల అందరికీ కలిపి ఒక పైథాన్ ఉంటదమ్మా. నేను పెట్టేదానికి అది సరిపోతలేదు. అట్లని దాన్ని మారిస్తే అందరి పని బందైతది. అందుకే దాన్ని కదిలియ్యకుండ పక్కన వేరేది తయారు చేసిన. సామాన్లన్నీ దానికి దానికే."

అమ్మ ముద్ద కలపడం ఆపి ఆలోచించింది. "అంటే వేరు పొయ్యి వెట్టినవన్నట్టు."

"గట్లనే అనుకో."

"కొట్లాట గాలేదు గద?"

"కాలేదు."

"ఇగ మంచిదే. మా అత్త నన్ను వెట్టనియ్యలే." పాప నోటికి ముద్ద అందించి, నా వైపు చూడకుండానే అంది: "ఆదివారం ఊరికి పోదామనుకున్న. ఇగ పోనులే. ఇంకా మూడున్నయంటివి గద."

మూడు మిషన్ల సంగతి ఇందాక గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అమ్మతో అన్నానట. నాకు గుర్తులేదు.

కాంట్రాక్టు పొడిగించారని లీడ్ చెప్పిన రోజు నేను ఆ మూడింటిలో చివరిదాని మీద ఉన్నాను. "కంగ్రాట్స్ అండి," అంటూ చెయ్యి కలిపింది. థాంక్స్ చెప్పి ఇటు తిరిగేసరికి స్క్రీన్ మీద లైన్లు ఆగిపోయి ఉన్నాయి. అడుగున ఎర్రగా ఏదో ఎర్రర్, ఇంతవరకూ చూడనిది. కుర్చీ ముందుకు లాక్కుని పైకి స్క్రోల్ చేస్తూ చదవడం మొదలుపెట్టాను.