లెక్కలో లేని చక్రం

నా బండిని అందరూ మూడు చక్రాల స్కూటీ అంటారు. పెనుబల్లిలో అదే మాట, కల్లూరు బస్టాండు దగ్గరా అదే మాట. లెక్కపెడితే నాలుగున్నాయి. ముందు ఒకటి, వెనక స్కూటీతో పాటు వచ్చిన అసలు చక్రం ఒకటి, దానికి అటూ ఇటూ నాలాంటివాళ్ల కోసం బిగించిన సైడు చక్రాలు రెండు. చూసేవాళ్లకు సైడు చక్రాలే కనబడతాయి, మధ్యది వాటి చాటున ఉండిపోతుంది. ఇంజను తిప్పేది మాత్రం ఆ మధ్యదాన్నే. పిల్లలకు కూడికలు చెప్పే టీచర్ని, ఆరేళ్లు నా బండి చక్రాలు నేనే సరిగ్గా లెక్కపెట్టుకోలేదు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ లెక్క సరిచేసింది కూడా నేనే.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. మా బడి అడవి అంచున ఒక గూడెంలో ఉంది. తారు రోడ్డు వదిలి నాలుగు కిలోమీటర్లు మట్టి దారిలో వెళ్లాలి. ఒక గది, ఒక వరండా, ఇరవై ముగ్గురు పిల్లలు, అందరికీ కలిపి నేనొక్కదాన్నే టీచర్ని. ఇంట్లో కోయ మాట్లాడుకునే ఆ పిల్లలు తెలుగు అక్షరం మొదట దిద్దేది నా దగ్గరే. నేను వెళ్లని రోజు బడి తాళం తెరుచుకోదు.

నిరుడు వానలకు ముందు సైడు టైర్లు మార్చాల్సి వచ్చింది. మలుపులో మామూలు స్కూటీ పక్కకు ఒరుగుతుంది, నాది ఒరగదు. అందుకే సైడు టైర్లు బయటి అంచున తొందరగా అరిగిపోతాయి. క్రాస్ రోడ్డు దగ్గర పంక్చర్ షాపు అన్న వాటిని చేత్తో తడిమి చూసి సలహా ఇచ్చాడు.

"ఈసారి ఒక సైజు పెద్దవి ఎక్కిద్దాం టీచరమ్మా. బటన్ టైర్లు, మీద గుబ్బలుంటయి. రాళ్లు తగలవు, బండి ఎత్తుగుంటది."

సరే అన్నాను. గాలి కొట్టాక ఆయన పానాతో టైరు మీద ఒక దెబ్బ వేశాడు. టంగుమని మోగితే ఆయన దృష్టిలో గాలి సరిపోయినట్టు. మా వైపు గాలి అంటే గట్టి గాలే, మెత్తగా ఉంటే పిసినారితనం కింద లెక్క. ఆదివారం చర్చి దగ్గర అందరూ చుట్టూ చేరి బండి ఎత్తు చూసి మెచ్చుకున్నారు. నేనూ ఉబ్బిపోయి ఇద్దరు పిన్నమ్మలను ఎక్కించుకుని ఒక రౌండు కొట్టాను.

మొదటి వానకే ఆ పొగరు దిగింది. గూడెం ఇంకా కిలోమీటరు ఉందనగా ఒక పల్లం వస్తుంది, దాటాక చిన్న ఎక్కుడు. ఎర్రమట్టి. ఇంజను అరుస్తోంది, మధ్య చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. చేనుకు పోయే ఆడవాళ్లు తోసి గట్టెక్కించారు. ఆ వారంలోనే ఇంకోసారి అలాగే అయింది. రెండోసారి బురద కాళ్లతో బడికి చేరేసరికి వరండాలో మా పై అధికారి నిలబడి ఉన్నాడు. తాళం వేసిన తలుపు ముందు పిల్లలు గోలీలాడుకుంటున్నారు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

"మీ మంచికే చెప్తున్న మేడమ్. ఈ దారి మీతోని కాదు. ఆఫీసుల కూసోండి, నీడపట్టున పని. వచ్చే నెల మళ్లొస్త. అప్పటికి గిట్లనే ఉంటే ఆర్డర్ ఇచ్చేస్త."

"మరి పిల్లలు సార్?"

"పక్క ఊరి బడిల కలుపుతం."

పక్క ఊరికి వాగు దాటాలి. వానాకాలం ఆ వాగు దాటించి ఆరేళ్ల పిల్లను ఏ తల్లి పంపుతుంది? సగం మంది మానేస్తారు, మిగిలిన సగం పశువుల వెంట పోతారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. జాలిపడి నా బడి లాక్కోవడం ఏంటి? పాస్టరు అయ్యగారు ఎప్పటిలాగే నా కాలు కోసం ప్రార్థన చేయబోతే, "కాలు సంగతి తర్వాత అయ్యగారూ, ముందు టైరు కోసం చెయ్యండి" అన్నాను. ఆయన నిజంగానే చేశాడు.

షాపు అన్న మధ్య టైరు చూసి పెదవి విరిచాడు. "గుండైంది టీచరమ్మా. బరువు మోసి మోసి అరిగింది." నిన్నమొన్న మార్చిన టైరేమీ కాకపోయినా, అంత తొందరగా అరగాల్సిన వయసు కాదు దానిది. కొత్తది వేయించాను. మర్నాడు వాన పడింది, అదే ఎక్కుడులో అలాగే నిలబడిపోయాను. బరువు మోసే టైరైతే నేలను పట్టుకోవాలి కదా, ఇది పట్టుకోవడం లేదేం?

ఆ మధ్యాహ్నం బండిని ర్యాంపు మీదుగా వరండాలోకి ఎక్కించాను. సుద్దపొడి అంతా పోగుచేసి టైర్లకు పూయమని పిల్లలతో చెప్పాను. అంత సంతోషంగా వాళ్లు ఏ పనీ చేసి ఉండరు. తర్వాత నేను ఎక్కి కూర్చుని బండిని మెల్లగా ముందుకు నడిపాను. నల్లటి గచ్చు మీద సైడు టైర్ల బటన్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా అచ్చుపడ్డాయి. మధ్యలో సన్నగా, అక్కడక్కడా తెగిపోయిన ఒక గీత మాత్రం ఉంది.

రెండో తరగతి పిల్ల వంగి చూసి అంది, "టీచర్, ఈ చక్రం కుంటుతాంది."

అన్నాక నా కాలు చూసి నాలుక కరుచుకుంది. నేను కడుపుబ్బ నవ్వాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నేల మీద మోపలేని కాలు ఎంత మోస్తుందో నాకంటే ఎవరికి తెలుసు? పెద్ద సైజు, గట్టి గాలి కలిసి సైడు చక్రాలు బండిని పైకెత్తేశాయి. మధ్య చక్రం బరువు మోసి అరగలేదు, ఊరికే జారి జారి అరిగింది.

షాపుకు వెళ్లి పాత సైజు టైర్లే వేయమన్నాను. సైడు చక్రాలకు గాలి తగ్గించమన్నాను.

"ఏంది టీచరమ్మా, గాలి తగ్గిస్తే ట్యూబ్ ఖరాబైతది."

"అయితే అయింది. పానా పక్కన పెట్టు అన్నా, గేజ్ తియ్యి."

గాలి కొలిచే ఆ గేజ్ ఎక్కడో డబ్బా అడుగున ఉంటే వెతికి, దుమ్ము ఊది తీశాడు. తెలివి మీరి మొదట పదిహేను పాయింట్లకు దింపించాను. రెండో రోజే రాయి తగిలి ట్యూబు నలిగి పగిలింది. ఆయన "చెప్పిన్నా లేదా" అన్నట్టు చూసి కొత్త ట్యూబు ఎక్కించాడు. చివరికి కుదిరిన లెక్క ఇది: మట్టి దారికి సైడు చక్రాలు రెండింటికీ ఇరవై రెండు, మధ్యదానికి ముప్పై రెండు. ఖమ్మం దాకా తారు రోడ్డు మీద వెళ్లే రోజు సైడువి ఇరవై ఎనిమిది. రెండు పక్కలా ఒక్కలా లేకపోతే బండి ఒక వైపుకు గుంజుతుంది. రోడ్డు అంచు వాలు వల్ల ఎడమది ఎక్కువ అరుగుతుంది కాబట్టి రెండు నెలలకోసారి అటుది ఇటు మార్పిస్తాను. ఈ లెక్క ఏ కాగితంలోనూ నాకు దొరకలేదు. నా బండికి, నా బరువుకు, నా దారికి నేను కట్టుకున్న లెక్క.

అధికారి చెప్పినట్టే మరుసటి నెల వచ్చాడు. ముందు రోజు సాయంత్రం నుంచి ఒకటే వాన. కారు తారు రోడ్డు దగ్గరే వదిలేసి ఎవరిదో బైకు ఎక్కాడట, ఆ బైకు పల్లం దగ్గర దిగబడితే మిగతా దూరం నడిచాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని ఆయన వచ్చేసరికి మేము రెండో పాఠంలో ఉన్నాం. ఒక మూల కూర్చుని పిల్లల చేత చదివించుకున్నాడు, రిజిస్టరు చూశాడు, సాయంత్రం గంట కొట్టేదాకా ఉన్నాడు. వాన మళ్లీ మొదలైంది.

"ఎక్కండి సార్, కారు దాకా దింపుతా" అన్నాను.

ఒక్క క్షణం ఆలోచించి వెనక కూర్చున్నాడు. పల్లంలోకి దిగి ఇవతలి గట్టు ఎక్కుతుంటే మధ్య చక్రం కొంచెం బురద చిమ్మింది. ఆయన వెంటనే ఒక కాలు కిందికి జార్చాడు. "దిగుత మేడమ్, వెనక నుంచి తోస్త."

"కదలకండి సార్. మీరు దిగితేనే జారుతది. మీ బరువు మధ్య చక్రానికి కావాలె."

కాలు పైకి తీసుకున్నాడు. బండి ఒకసారి గుర్రుమని, మట్టిని కరుచుకుని గట్టెక్కింది. తారు రోడ్డు వచ్చింది. ఆయన కారు దగ్గర దిగి వంగి నా టైర్లు చూశాడు.

"ఇంకో బడిల మీ అసొంటి బండే నడిపే సారున్నడు. వానాకాలం నాతోని కాదు, ఆఫీసుకు వేసుకోమని అడుగుతుండు. ఒకసారి ఆయన బండి చూస్తరా మేడమ్?"

"చూస్త సార్. ముందు నా ఆర్డర్ సంగతి చెప్పండి."

"ఏం ఆర్డర్ మేడమ్?" అన్నాడు.

ఆ రోజు ఇంటిదాకా హారన్ కొట్టుకుంటూనే వెళ్లాను. దారిలో నాకు అడ్డం ఎవరూ లేరు.